వినేవాళ్ల ప్రణాళిక

మీరు ఇది చదువుతున్న ఘడియలోనే ఎక్కడో ఒకచోట కొత్త గణితం బోర్డెక్కుతోంది. పారిస్ శివార్లలోని ఐహెచ్ఈఎస్‌లోనో, కేంబ్రిడ్జ్ న్యూటన్ ఇన్‌స్టిట్యూట్‌లోనో, ప్రిన్స్‌టన్‌లోనో, మన పక్కనున్న బెంగళూరు ఐసీటీఎస్‌లోనో ఒక మనిషి సుద్దముక్క పట్టుకుని, మొన్నమొన్నటిదాకా ఎవరికీ తెలియని సంగతిని ఇరవై ముప్ఫై మంది ముందు పెడుతుంటాడు. గదిలో బిగించిన కెమెరా దాన్ని పట్టుకుంటుంది. నాలుగు రోజుల్లో అది మన ఫోన్లో ఉంటుంది. టికెట్టు లేదు. హాల్ టికెట్టు అసలే లేదు.

తలుపు బార్లా తీసి ఉంది, లోపల మనవాళ్ల అలికిడి మాత్రం లేదు. ఆ ఖాళీ కుర్చీలను నింపడానికి మేము బయల్దేరాం.

మేమెవరం? మాలో డిగ్రీ కాలేజీలో ముప్ఫయ్యేళ్లు ఒకే సిలబస్ చెప్పి రిటైరైన మాస్టారు ఉన్నారు. బీఎస్సీ లెక్కలు ఇష్టంగా చదివి, పెళ్లయ్యాక పిల్లల హోంవర్కు దగ్గరే ఆగిపోయిన అక్క ఉంది. ఎంసెట్ లెక్కల్లో ఎనభైకి డెబ్భై ఎనిమిది తెచ్చుకుని, ఆ రోజు నుంచి లెక్కల మొహం చూడని ఇంజనీర్లు ఉన్నారు. వీళ్లలో ఎవరూ గణితజ్ఞులు కారు. అవుతామన్న హామీ కూడా ఇవ్వడం లేదు. మేము వినేవాళ్లం. పాటకు రసికులుంటారు, నాటకానికి ప్రేక్షకులుంటారు, అవధానానికి పృచ్ఛకులూ సభా ఉంటారు. గణితానికి మాత్రం సభ ఎందుకుండకూడదు?

ఈ ఉద్యమానికి ఇంకా పేరు పెట్టలేదు. గణితంలోనూ వస్తువు ముందు కంటబడుతుంది, పేరు తీరిగ్గా వస్తుంది.

లెక్కలంటే నిమిషానికో బిట్టు అన్న కాలంతో మాకు తగాదా లేదు, వాదనా లేదు. అది చేయగలిగింది చేసింది, దాని పని అయిపోయింది. ఇక మా నమ్మకాలు చెబుతాం.

1. గణితం ముగిసిపోయిన పుస్తకం కాదు. ఇంటర్లో మనం చదివిన కలనగణితం పదిహేడో శతాబ్దానిది. డిగ్రీలో చదివిన సమూహాలు పంతొమ్మిదో శతాబ్దానివి. అక్కడ పుస్తకం మూసి ఇచ్చేసరికి, లెక్కలన్నీ ఎవరో ఎప్పుడో చేసి పెట్టేశారనీ, మనకు మిగిలింది వేగంగా చేయడమేననీ అనుకున్నాం. 2013లో న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పుకునే యీతాంగ్ ఝాంగ్, యాభయ్యేళ్లు దాటిన వయసులో, అంతదాకా పెద్దగా ఎవరికీ తెలియని మనిషి, ఒక మాట నిరూపించాడు: ఏడు కోట్లకు మించని తేడాతో ఉండే ప్రధాన సంఖ్యల జతలు అనంతంగా వస్తూనే ఉంటాయి. ఆ మే నెలలో హార్వర్డ్‌లో ఉపన్యాసమిచ్చాడు. ఏడాది తిరిగేసరికి జేమ్స్ మేనార్డ్, టెరెన్స్ టావో, వాళ్లతో చేతులు కలిపిన మరెందరో ఆ ఏడు కోట్లను 246కి దించారు. రెండుకి దించగలరా? 11, 13 లాంటి, 17, 19 లాంటి జతలు ఎప్పటికీ ఆగవని చెప్పగలరా? ఎవరికీ తెలియదు. ఆరో తరగతి పిల్లకు అర్థమయ్యే ప్రశ్న ఒకటి ఇంకా తెరిచే ఉందని తెలిస్తే ఆ పిల్ల లెక్కల పుస్తకాన్ని చూసే చూపే మారుతుంది. 2023లో పదమూడు భుజాల టోపీ ఆకారపు పలక ఒకటి బయటపడింది. దాంతో నేలంతా పరవొచ్చు, కానీ ఆ పరుపు ఆవర్తనం కాదు, అంటే ఎంత జరిపినా తన మీద తాను సరిగ్గా కూర్చోదు. దాన్ని మొదట కనిపెట్టింది ప్రొఫెసర్ కాదు, డేవిడ్ స్మిత్ అనే రిటైరైన ప్రింటింగ్ టెక్నీషియన్. అట్టముక్కలు కత్తిరించి చూసుకున్నాడు. నిరూపణకు మరో ముగ్గురు తోడయ్యారు.

2. అర్థం కాకపోవడం వినేవాడి హక్కు. గణిత ఉపన్యాసాల మీద గణితజ్ఞులే చెప్పుకునే జోకు ఒకటుంది: మొదటి భాగం అందరికీ, రెండో భాగం ఆ రంగం వాళ్లకీ అర్థమవుతుంది, మూడో భాగం చెప్పేవాడికీ అర్థం కాదు. సభలో కూర్చున్న పెద్ద పెద్ద ప్రొఫెసర్లు సైతం పదిహేనో నిమిషానికి దారి తప్పుతారు, తప్పినా కూర్చునే ఉంటారు. మనకు మాత్రం అర్థం కానిది సున్నా మార్కులతో సమానమని నూరిపోశారు. ఈ ఒక్క అలవాటు వదిలితే చాలావరకు గెలిచినట్టే. చెప్పేవాడికీ ఇదే న్యాయం. 1993 జూన్‌లో న్యూటన్ ఇన్‌స్టిట్యూట్‌లో మూడు రోజుల ఉపన్యాసాల చివర ఆండ్రూ వైల్స్ ఫెర్మా చివరి సిద్ధాంతం నిరూపణ అయిందంటూ దాన్ని బోర్డు మీద రాసి, ఇక్కడితో ఆపుతానన్నట్టు కూర్చున్నాడు. చప్పట్లు మోగాయి, పత్రికల్లో వచ్చింది. కొన్ని నెలలకు నిరూపణలో కంత దొరికింది. 1994 సెప్టెంబరుకల్లా, శిష్యుడు రిచర్డ్ టేలర్‌ను తోడు తెచ్చుకుని, దాన్ని పూడ్చాడు. అంత పెద్ద సభలో చెప్పింది కూడా ఇంకా తడి ఆరని గోడే. పరిశోధన ఉపన్యాసం వినడమంటే ఆ తడిని చేత్తో తాకడం.

3. ఒంటరిగా చూస్తే అది పోగవుతుందే తప్ప తలకెక్కదు. తర్వాత చూద్దామని దాచిన వీడియోలు మా అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. దాచినవి దాచినట్టే ఉన్నాయి. అందుకని కలిసి చూడడం మొదలుపెట్టాం. ఎనిమిది డైమెన్షన్లలో గోళాల పేర్పు మీద ఒక ఉపన్యాసం. ప్రొజెక్టరు అరువుది, తెర బదులు సున్నం గోడ. మాస్టారు వస్తూ వస్తూ రెండు డజన్ల బత్తాయిలు తెచ్చి స్టీలు పళ్లెంలో గుట్టగా పేర్చారు, పళ్ల బండి మీద పేర్చినట్టే. అంతకంటే ఒత్తుగా పేర్చడం ఎవరి తరమూ కాదని 1611లో కెప్లర్ ఊహించాడు. గుట్టలో పండు ఉన్న మేర నూటికి 74 పాళ్లు, మిగతాది గాలి. పళ్ల బండివాడికి తెలిసిన ఈ సంగతిని నిరూపించడానికి 1998 దాకా, థామస్ హేల్స్ దాకా ఆగాల్సొచ్చింది. గుట్ట లోపలి బత్తాయి ఎన్నింటిని తాకుతుందో లెక్కపెట్టాం: చుట్టూ ఆరు, పైన మూడు, కింద మూడు, మొత్తం పన్నెండు. గోడ మీది మనిషి అన్నాడు, ఎనిమిది డైమెన్షన్లలో అయితే ఒక్కో గోళం 240 గోళాలను తాకుతుందని. నిశ్శబ్దం. ఎవరో ఒకరు బత్తాయి వలవడం మొదలుపెట్టారు.

2016 మార్చి 14న ఆ ఎనిమిది డైమెన్షన్ల పేర్పే అన్నిటికంటే ఒత్తైనదని అప్పట్లో బెర్లిన్‌లో ఉన్న మరీనా వియజోవ్‌స్కా నిరూపించి బయటపెట్టింది. వారానికల్లా మరో నలుగురితో కలిసి 24 డైమెన్షన్లదీ తేల్చింది. ఉపన్యాసం ఇరవయ్యో నిమిషంలో మేము పూర్తిగా మునిగిపోయాం. అప్పుడు బోర్డు మీద ఒక శ్రేణి పడింది: ఒకటి, ప్లస్ 240 క్యూ, ప్లస్ 2160 క్యూ స్క్వేర్, అలా. "మాస్టారూ, ఒక్క నిమిషం ఆపండి. ఆ 240, ఇందాకటి 240 ఒకటేనా?" అంది అక్క. ఆపాం. వెనక్కి తిప్పాం. ఒకటే. ఎనిమిది డైమెన్షన్లలో మొదటి వరస పొరుగువాళ్లు 240, రెండో వరస దూరంలో 2160, ఆ శ్రేణి వాళ్లను వరసగా లెక్కపెడుతూ పోతుంది. మాస్టారికి ఇంకోటి గుర్తొచ్చింది: 1916లో రామానుజన్ తన పత్రంలో పెద్ద క్యూ (Q) అని పేరు పెట్టి వాడింది ఈ మొత్తం శ్రేణినే. ఉపన్యాసంలో నూటికి ఐదు పాళ్లు కూడా అందని ఇల్లాలికి, ఆ శ్రేణి గుండెకాయ చేతికి తగిలింది. యాభై నిమిషాల ఆ ఉపన్యాసానికి మాకు మూడు శనివారాలు పట్టాయి. కేంబ్రిడ్జ్‌లో ముందు వరసలో కూర్చున్న ప్రొఫెసర్‌కు లేని సౌకర్యం మాకుంది. మా ఉపన్యాసకుడు ఆపమంటే ఆగుతాడు, వెనక్కి రమ్మంటే వస్తాడు, విసుక్కోడు.

4. చెప్పేవాడు తన గొప్ప చెప్పుకోకూడదు. 1948 నుంచి పారిస్‌లో బుర్బాకీ సెమినార్ ఈ పద్ధతి మీదే నడుస్తోంది. అక్కడ నిలబడ్డవాడు ఇంకొకరు సాధించినదాన్ని వివరిస్తాడు. మాకు కావలసిన మర్యాద ఇదే.

5. వినికిడి తెలుగులో జరగాలి. ఉపన్యాసం ఇంగ్లీషులోనో ఫ్రెంచిలోనో సాగనివ్వండి. దాని మీద గొడవ, అనుమానం, గుసగుస, "అబ్బ!" అనడం మన భాషలో ఉండాలి. ఇదేమీ వింత కోరిక కాదు. 1597లో లండన్ గ్రెషమ్ కాలేజీ ఊరి జనానికి ఉచిత ఉపన్యాసాలు పెట్టినప్పుడు, ఒకటి పండితుల కోసం లాటిన్‌లో, ఇంకొకటి జనం కోసం ఇంగ్లీషులో చెప్పాలని నియమం. ఇంగ్లీషు అప్పుడు బజారు భాష. అక్కడి మొదటి రేఖాగణిత ఆచార్యుడు హెన్రీ బ్రిగ్స్, ఇంటర్లో మనం తిరగేసిన పది ఆధారపు లాగరిథమ్ పట్టికల మూలపురుషుడు. మనకూ పావులూరి మల్లన ఉన్నాడు. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని ఎన్నో వందల ఏళ్ల కిందటే తెలుగు పద్యాల్లోకి దించాడు. ఆయనకు రాని మొహమాటం మనకెందుకు?

మాటల సంగతి నెమ్మదిగా చెప్పాలి, ఎందుకంటే అందరూ ఇక్కడే భయపడతారు. తెలుగు అకాడమి పుస్తకాలు చదివిన తరానికి సమూహం, వలయం, క్షేత్రం, ప్రమేయం తెలుసు. అన్నీ బాగున్నాయని అనం. డైమెన్షన్‌కు పరిమాణం అన్నారు, అది సైజుకూ వాడతాం కాబట్టి మా గదిలో అందరం డైమెన్షన్ అనే అంటాం. అనువాద యంత్రం చేతికి అప్పగిస్తే వలయాన్ని ఉంగరం చేసి, క్షేత్రాన్ని పొలం చేసి ఇస్తుంది. కానీ కొన్నిచోట్ల పొలంలోని మాటే సరైనది. ఈ కాలపు గణితంలో షీఫ్ అనే మాట చాలా ఉపన్యాసాల్లో వినబడుతుంది. చోటు చోటుకూ విడిగా దొరికే సమాచారం ఒకదానితో ఒకటి పొసిగితే, దాన్ని మొత్తంగా కట్టి ఉంచే ఏర్పాటు అది. ఆ ఊహకు తండ్రి జాఁ లెరే. 1940లో జర్మన్లకు చిక్కి, యుద్ధం ముగిసేదాకా ఐదేళ్లు ఆస్ట్రియాలో ఎడెల్‌బాఖ్ యుద్ధఖైదీల శిబిరంలో ఉన్నాడు. ద్రవాల కదలికల గణితంలో దిట్టనని తెలిస్తే యుద్ధానికి వాడుకుంటారని దాన్ని దాచి, ఎందుకూ పనికిరానట్టు కనబడే టోపాలజీ చెప్పాడు. ముళ్లకంచె లోపల ఖైదీలు ఒక విశ్వవిద్యాలయం నడిపారు, దానికి అధిపతి ఆయనే. అక్కడ మొలిచిన ఆలోచనల్లోంచే షీఫ్ వచ్చింది. ఇంగ్లీషు వాళ్లు ఆ వస్తువుకు షీఫ్ అని, దాని భాగాలకు స్టాక్ అని, జెర్మ్ అని పేర్లు పెట్టుకున్నారు. అన్నీ పంటపొలం మాటలే. వరి కోసిన మడిలో నిలబడ్డ ఎవరినడిగినా చెబుతారు: పన, కాడ, మొలక. మా నోట్సులో ఇప్పుడు అలాగే రాసుకుంటున్నాం. పండితులు నవ్వితే నవ్వనీ, పన అన్నాక ఆ నిర్వచనం మాలో చాలామందికి మొదటిసారి గుర్తుండిపోయింది.

6. దూరం ఇక సాకు కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎస్. మీనాక్షిసుందరం 1949లో ప్లేయెల్ అనే గణితజ్ఞుడితో కలిసి రాసిన పత్రం, డప్పు మోత విని డప్పు ఆకారం చెప్పగలమా అన్న ప్రశ్నకు పునాదుల్లో ఒకటి. (చెప్పలేమని 1992లో తేలింది. ఒకే మోత మోగే వేర్వేరు ఆకారాలున్నాయి.) ఆ పని చేయడానికి ఆయన వాల్తేరు నుంచి ప్రిన్స్‌టన్ దాకా పోవలసి వచ్చింది. నాలుగు మాటలు వినడానికీ నలుగురితో మాట్లాడడానికీ సముద్రాలు దాటిన కాలం. తర్వాత 2010 ఆగస్టులో ప్రపంచ గణిత మహాసభ మన హైదరాబాదుకే వచ్చింది. గణితజ్ఞులు ఎంతో గొప్పగా చూసే ఫీల్డ్స్ పతకాలు నలుగురికి మన ఊళ్లో ఇచ్చారు. చాలామందికి గుర్తున్నది మాత్రం విశ్వనాథన్ ఆనంద్ ఒకేసారి నలభై మందితో చదరంగం ఆడిన ముచ్చట. మంచి ముచ్చటే, కాదనం. ఉపన్యాసాలు జరిగిన హాళ్ల గుమ్మం దాకా మనలో ఎందరు వెళ్లారన్నదే ప్రశ్న. 2022 మహాసభ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జరగాలి. యుక్రెయిన్ యుద్ధంతో సభ మొత్తం ఆన్‌లైన్‌కు మారింది, పతకాలు హెల్సింకీలో ఇచ్చారు, వాటిలో ఒకటి యుక్రెయిన్ బిడ్డ వియజోవ్‌స్కాది. ఇల్లు కదలకుండా మహాసభ వినొచ్చని అప్పుడు తేలిపోయింది. అంతకు రెండేళ్ల ముందే, లాక్‌డౌన్‌లో, ఎంఐటీ గణితజ్ఞులు కొందరు లోకం నలుమూలల సెమినార్లకు ఒక పట్టిక నెట్‌లో పెట్టారు. అందులో ఉన్న ఏ దేశపు ఉపన్యాసమైనా మన గడియారం ప్రకారం ఎన్నింటికో చూపిస్తుంది. పారిస్ సాయంత్రం సభలు మనకు రాత్రి భోజనాల వేళ. ప్రిన్స్‌టన్ సాయంత్రం నాలుగింటి ఉపన్యాసం మనకు రాత్రి ఒంటిగంటన్నరకో, చలికాలంలో రెండున్నరకో, అది రికార్డులో చూసుకుందాం.

7. ఫీజు ఉండదు. సర్టిఫికెట్ ఉండదు. మా గదిలో పరీక్ష పెట్టినవాళ్లను బయటికి పంపుతాం.

8. మేము చూడదలచుకున్న రేపు ఇది. పాలకొల్లులో, కోదాడలో, మదనపల్లెలో, ఆదిలాబాద్‌లో శనివారం సాయంత్రం ఒక గది తెరిచి ఉంటుంది. గ్రంథాలయం హాలు కావచ్చు, బడి వెనక షెడ్డు కావచ్చు. అందులో పదిమంది ఒక గోడ వైపు చూస్తూ ఉంటారు. వాళ్లలో ఒక పిల్ల ఆపమంటుంది, అందరూ ఆపుతారు. ఆ పిల్ల ప్రశ్నను ఇంగ్లీషులో రాసి ఉపన్యాసం ఇచ్చిన మనిషికే పంపుతారు. పరిశోధకులకు ఉత్తరాలు రాస్తే జవాబులొస్తాయి, ముఖ్యంగా ప్రశ్న నిజమైనదైతే. జవాబును గోడ మీద అంటిస్తారు. అమెరికాలో, జర్మనీలో గణితంలో పీహెచ్‌డీ చేస్తున్న మన పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు సొంత ఊళ్లో, సొంత భాషలో గంటసేపు చెబుతారు. వాళ్ల అమ్మ కూడా వచ్చి వెనక బెంచీలో కూర్చుంటుంది. తన బిడ్డ ఆరేళ్లుగా ఏం చేస్తోందో ఆ తల్లికి మొదటిసారి ఒక బొమ్మలో, ఒక బత్తాయి గుట్టలో, ఒక వరి పనలో కనబడుతుంది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలోనో ఐఐటీలోనో జరిగే సెమినార్‌కు తెలుగు సారాంశం ముందురోజే మా గోడ మీదికి వస్తుంది. ఆ పిల్లే ఒక రోజు గోడకు ఎదురుగా కూర్చోకుండా బోర్డు పక్కన నిలబడి ఇంకా ఎవరికీ తెలియనిది చెబుతుంది. చెప్పకపోయినా నష్టం లేదు. కరెంటు ఆఫీసులో ఉద్యోగం చేసుకుంటూ, ప్రధాన సంఖ్యల జతల తేడా 246 నుంచి ఎప్పుడు దిగుతుందా అని క్రికెట్ స్కోరు అడిగినట్టు అడిగే మనిషి అయినా చాలు. అలాంటివాళ్లు వెయ్యిమంది ఉన్న జిల్లాలో లెక్కల పీరియడ్ మారకుండా ఉండలేదు.

మీరూ రండి. ఏం తెలియాలన్న ప్రశ్న ముందే వస్తుందని మాకు తెలుసు. పది దాకా చదివిన లెక్కలు, ఓపిక. అంతకు మించి తెలిసుంటే అడిగేవాళ్లకు చెప్పండి, తెలియకపోతే అడగండి, "ఇంత చిన్న ప్రశ్న" అన్న మాట మాత్రం మా గదిలో ఎవరి నోటా రాకూడదు. మీ ఊళ్లో గది లేకపోతే మీ ఇంటి వసారా ఉంది. ఇద్దరున్నా కూడికే.

మాది శనివారం రాత్రి ఏడున్నరకు. ముందు పావుగంట పోయిన వారం ఎక్కడ ఆపామో చెప్పుకుంటాం. రూళ్ల నోటుబుక్కు వద్దు, తెల్లకాగితాలు తెచ్చుకోండి, బొమ్మలు చాలా గీయాలి. ఈ వారం ఝాంగ్ ఏడు కోట్ల కథతో మొదలుపెడుతున్నాం. మాస్టారు బత్తాయిలు తెస్తానన్నారు, ఈసారి ప్రధాన సంఖ్యలతో వాటికి పనేమీ లేదని అందరం చెప్పినా వినలేదు.